ఒక్క రోజులో రెండు వందల కిలోమీటర్లు: సైకిల్ ఎక్కే ముందు



ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు ఎల్.బి.నగర్ చౌరస్తాలో నిలబడితే ఒక కొత్త దృశ్యం కనిపిస్తుంది. తలకు హెల్మెట్, వెనుక ఎర్ర లైటు పెట్టుకుని యువకులు, నడివయసు వారు సైకిళ్ళపై విజయవాడ రోడ్డు పట్టి వెళ్తుంటారు. ఒకప్పుడు ఆ వేళకు సైకిల్ మీద పాలవాళ్ళు, పేపరు కుర్రవాళ్ళు తప్ప ఎవరూ ఉండేవారు కారు.

వీరిలో కొందరి లక్ష్యం ఒక్క రోజులో 200 కిలోమీటర్లు. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ నియమాల ప్రకారం జరిగే ఈ సవారీలను ‘బ్రెవే’ అంటారు. హైదరాబాదులోనూ ఇవి జరుగుతున్నాయి. 200 కిలోమీటర్లకు ఇచ్చే సమయం పదమూడున్నర గంటలు. ఇది పందెం కాదు, మొదటి స్థానం, రెండవ స్థానం ఉండవు. గడువులోగా చేరితే చాలు. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ 1,200 కిలోమీటర్ల సవారీకి వెళ్ళాలనుకునేవారికి కూడా ఇలాంటి బ్రెవేలే మెట్లు. లెక్క వేస్తే ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్లు కూడా పడదు. అందుకే చాలామంది ‘ఇంతేనా!’ అనుకుంటారు. చిక్కు అక్కడే వస్తుంది.

రెండేళ్ళ క్రితం మార్చి నెలాఖరులో మా వార్డుకు ఒక అబ్బాయి వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగ పరీక్షకు కోచింగ్ తీసుకుంటున్నాడు. స్నేహితులతో మాట మాట పెరిగి, అరువు తెచ్చిన గేర్ల సైకిల్‌పై నార్కట్‌పల్లి దాకా వెళ్ళి రావాలని బయలుదేరాడు. రానూపోనూ దాదాపు 150 కిలోమీటర్లు. అంతకు ముందు ఎప్పుడూ పది కిలోమీటర్లు మించి తొక్కలేదు. పొద్దున తిన్నది టీ, రెండు బిస్కెట్లు. తిరుగు ప్రయాణంలో తొడలు పట్టేస్తే చౌటుప్పల్‌లో మందుల షాపు నుండి నొప్పి బిళ్ళలు కొని రెండు మింగాడు. ఎలాగో హాస్టల్ చేరాడు. మర్నాడు మూత్రం కూల్‌డ్రింకు రంగులో వచ్చింది. ‘వేడి చేసింది’ అనుకుని బార్లీ నీళ్ళు తాగి పడుకున్నాడు. మూడవ రోజు మూత్రం బాగా తగ్గిపోయి, వాంతులు మొదలయ్యాక ఆసుపత్రికి వచ్చాడు.

అతనికి జరిగింది ఇది. అలవాటు లేని కండరాలను గంటల తరబడి, అదీ ఎండలో శ్రమ పెడితే కండరాల కణాలు చిట్లిపోతాయి. వాటిలోని మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకు చేరి వాటిని దెబ్బతీస్తుంది. ఒంట్లో నీరు తగ్గి ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. దానికి తోడు డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్ళలు మూత్రపిండాలకు వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. నొప్పి తగ్గడంతో మనిషి ఇంకా తొక్కుతాడు. కాబట్టి సవారీ మధ్యలో ఈ బిళ్ళలు వేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. బిళ్ళ వేసుకోవలసినంత నొప్పి ఉంటే సైకిల్ దిగి బస్సు ఎక్కండి. ఆ రోడ్డున బస్సులకు కొదవ లేదు.

మన వైపు నుండి వెళ్ళేవారు గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటాక చౌటుప్పల్, చిట్యాల వైపు నేల అంతకంతకూ దిగుతూ పోతుంది. ఉదయం చల్లగాలిలో, దిగువకు సైకిల్ దానంతట అదే పోతున్నట్లు ఉంటుంది. నకిరేకల్ దగ్గరకు చేరేసరికి దాదాపు వంద కిలోమీటర్లు అవుతాయి, మనకు మన మీద నమ్మకం కూడా పెరుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు అదంతా ఎగువే, అదీ మిట్టమధ్యాహ్నపు ఎండలో. పొద్దుటి వేగాన్ని చూసి సాయంత్రం లెక్క కట్టకండి. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రయత్నమే వద్దు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మేలు.

ఇక తిండి సంగతి. సైకిల్ తొక్కేవారు బరువును, వేగాన్ని బట్టి గంటకు సుమారు 400 నుండి 500 కేలరీలు ఖర్చు చేస్తారు. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న చక్కెర రోజంతా సరిపోదు. అది అయిపోతే కాళ్ళు వణుకుతాయి, కళ్ళు తిరుగుతాయి, చిరాకు పుడుతుంది. ఆకలి వేసే దాకా ఆగకుండా మొదటి గంట నుండే కొద్దికొద్దిగా తినాలి. గంటకు ఒకటి రెండు అరటిపండ్లు, లేదా పల్లీపట్టీ, ఖర్జూరం వంటివి సరిపోతాయి. మధ్యలో ఇడ్లీ, పెరుగన్నం మంచివి. హైవే ధాబాలో బిర్యానీ తిని మళ్ళీ సైకిల్ ఎక్కితే ఏమవుతుందో నేను చెప్పనక్కర లేదు.

నీళ్ళు తక్కువ తాగితే ప్రమాదమని అందరికీ తెలుసు. ఉత్త మంచినీళ్ళే లీటర్ల కొద్దీ తాగినా ప్రమాదమేనని చాలామందికి తెలియదు. చెమటలో ఉప్పు పోతుంది. ఆపై వట్టి నీళ్ళు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక, చివరకు ఫిట్స్ కూడా రావచ్చు. దాహాన్ని బట్టి తాగండి. ఓ.ఆర్.ఎస్. గాని, ఉప్పు వేసిన మజ్జిగ గాని కలుపుకోండి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా అంటే టీ చెంచా. ఓ.ఆర్.ఎస్. పేరు పెట్టుకుని వట్టి తియ్యటి పానీయాలు అమ్మడం మీరు చూసే ఉంటారు. ఆ పేరు వాడవద్దని 2025లో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. అయినా ప్యాకెట్ మీద ఏమి రాసి ఉందో చదివి కొనండి.

తోటివారిని కూడా గమనిస్తూ ఉండండి. ఒకరు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, సైకిల్ అటూ ఇటూ ఊగుతున్నా వెంటనే ఆపించండి. ‘చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే’ అనుకోవద్దు. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ గాలి విసరండి. 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చే దాకా నీళ్ళు పోయడం ఆపకూడదు. స్పృహ సరిగా లేనివారి నోట్లో మాత్రం నీళ్ళు పోయవద్దు.

షుగర్‌కు ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి బిళ్ళలు గాని వాడేవారికి సవారీలోనే కాక ఆ రాత్రి నిద్రలోనూ షుగర్ పడిపోవచ్చు. మందు మోతాదు సంగతి డాక్టరు గారితో ముందే మాట్లాడాలి. నలభై దాటినవారు, బి.పి. ఉన్నవారు, మెట్లెక్కితే ఛాతీ బరువుగా అనిపించేవారు గుండె పరీక్ష చేయించుకోకుండా దిగవద్దు. జ్వరం వచ్చి తగ్గిన వారంలోనూ వద్దు.

అభ్యాసానికి కనీసం మూడు నెలలు పెట్టుకోండి. పడమటి వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. మనకు అది ఊరికి ఆ చివర. మన వాళ్ళకు విజయవాడ రోడ్డే దిక్కు కనుక ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బండ్లను చూసుకుంటూ, చీకటి ఉండగా ముందూ వెనుకా లైట్లు లేకుండా బయలుదేరకండి. ముప్పై కిలోమీటర్లతో మొదలుపెట్టి వారం వారం కొద్దిగా పెంచుతూ, నూట ఇరవై తొక్కి మర్నాడు మామూలుగా పనికి వెళ్ళగలిగాక రెండు వందల మాట ఆలోచించండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు ఎత్తు సరిచేసుకుంటే సగం మోకాళ్ళ నొప్పులు రావు.

సవారీ అయ్యాక రెండు మూడు రోజులు మూత్రం రంగు చూసుకోండి. లేత పసుపు అయితే చింత లేదు. ముదురు గోధుమ రంగులో వచ్చినా, బాగా తగ్గినా, కండరాలు వాచి ముట్టుకోనివ్వకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి, ఎంత దూరం తొక్కారో, ఏ బిళ్ళలు వేసుకున్నారో దాచకుండా చెప్పండి.

ఆ అబ్బాయికి రక్తంలో సి.కె. పరీక్ష చేసి, నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇంకొక రోజు ఆలస్యమైతే డయాలసిస్ దాకా వెళ్ళేదని డాక్టరు గారు అన్నారు. డిశ్చార్జి అయ్యే రోజున ‘సిస్టర్, మళ్ళీ ఎప్పుడు తొక్కవచ్చు?’ అని అడిగాడు. రక్త పరీక్ష మామూలుగా వచ్చాక, హాస్టల్ నుండి హయత్‌నగర్ దాకా మాత్రమే అని చెప్పి పంపాము.