ఐదో కాంటూరు దగ్గర ఆడవాళ్ల మాట

వాతావరణ మార్పును తట్టుకునే నిర్ణయాల్లో పల్లె ఆడవాళ్లకూ కుర్రకారుకూ చోటెంత? ఎడిటర్ ఇచ్చిన అంశం ఇది. గడువు ముంచుకొస్తుంటే నివేదికలు చాలానే తిరగేశాను. వాటిలో నన్ను పట్టి నిలిపింది మూడు అంకెల చిన్న లెక్క.

కొల్లేరు నీటిమట్టం సముద్రమట్టానికి మూడడుగుల ఎత్తున ఉంటే సరస్సు విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు. ఐదడుగులైతే 308. పదడుగులైతే 901. మూడుకీ పదికీ మధ్య తేడా ఏడడుగులు, మనిషి చెయ్యెత్తితే అందేటంత. ఆ కాస్త ఎత్తుకే నీరు ఆరు రెట్లు దాటి పరుచుకుంటుంది. నేల అంత చదును. సరస్సులోని లంక గ్రామాల్లో కాంటూరు అన్న మాట తెలియని ఇల్లు ఉండదు. కాంటూరంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత; ఐదో కాంటూరంటే ఐదడుగుల ఎత్తు గీత. చెరువు ఉంటుందా పోతుందా, వరదొస్తే వాకిలి మునుగుతుందా అన్నది ఆ గీతను బట్టే.

ఆ గీత కథ క్లుప్తంగా: 1976లో సహకార సంఘాలకు చేపల చెరువులు, 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యం, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చెరువు గట్ల కూల్చివేత, 2008లో మూడో కాంటూరుకు కుదించమని శాసనసభ తీర్మానం, ఆపైన కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఐదే ఉండాలనడం.

ఇన్ని మలుపుల్లో చెల్లిన మాట అధికారులది, శాసనసభ్యులది, నిపుణులది. నీళ్లు ఇంట్లోకొస్తే బియ్యం, పొయ్యి, పిల్లల పుస్తకాలు పైకెత్తేది ఇల్లాలు. గడపలో ఏ రాయి దాకా వస్తే ఇల్లు వదలాలో ఆవిడకు తెలుసు. ఎగువ నుంచి నీరు తగ్గిన ఏడు, కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేరు మీదుగా సముద్రపు పోటు పైకి ఎగదన్నుతుంది. అప్పుడు తాగేనీళ్ల టిన్ను కోసం ఖర్చు సర్దుకునేదీ ఆవిడే. ఈ జ్ఞానం ఏ పట్టికలోకీ ఎక్కలేదు.

2017 నాటి చిత్తడినేలల నిబంధనల్లో రాష్ట్ర ప్రాధికార సంస్థ సభ్యుల జాబితా చదివాను. మంత్రి, ప్రధాన కార్యదర్శి, శాఖల కార్యదర్శులతోపాటు చిత్తడినేలల జీవావరణం, జలశాస్త్రం, మత్స్యం, భూదృశ్య ప్రణాళిక, సామాజిక ఆర్థికం ఒక్కోదానికి ఒక నిపుణుడు. సరస్సులో బతికే మనిషికంటూ ప్రత్యేకంగా ఒక్క కుర్చీ లేదు. నాకిది చాలా పెద్ద లోటు అనిపిస్తుంది.

నా నమ్మకం గ్రామసభ మీద. పద్దెనిమిదేళ్లు నిండి ఓటున్న ప్రతి పిల్లా పిల్లవాడూ అందులో సభ్యులే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులకు ఆమోదం తీసుకున్నారు. సెప్టెంబరు 1 నాటికి బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ మునిగింది. ఆ నీరు దిగేది కొల్లేటిలోకే. ఉపాధి పనుల్లో ఏ కాలువ పూడిక ముందు తీయాలన్నది అచ్చంగా వాతావరణ నిర్ణయమే. కానీ నేలమట్టం లెక్క చేతిలో లేనప్పుడు సభలో చదివిన జాబితాకు తలూపడమే మిగులుతుంది.

ఆ లెక్క తీయగలిగినవాళ్లు కొల్లేటి దగ్గర్లోనే ఉన్నారు. వట్లూరులో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, సివిల్ విద్యార్థులకు నేల ఎత్తులు కొలిచే లెవెలింగ్ పాఠం ఉంది. పెదపాడు మండలం ఊళ్లలో డ్వాక్రా సంఘాలున్నాయి. గోడమీద వరద మరక చూపగలిగే అత్తనూ ఆ మరక ఎత్తు కొలవగలిగే కుర్రాణ్నీ కలపాలి. ఆ కొలతలతో గీసిన కాంటూరు పటాన్ని గ్రామసభకు వారం ముందే పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి. పనుల జాబితా ఆ పటం ముందు నిలబడి రాయాలి.

మరికొంత

కొల్లేటి నీరు సముద్రానికి చేరే దారి ఉప్పుటేరు ఒక్కటే, పొడవు సుమారు 62 కిలోమీటర్లు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు సరస్సులోకి వస్తాయి. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది.

ఆడవాళ్లు తమ మాట వినిపించుకున్న ఉదాహరణ ఒకటి: భీమవరం దగ్గరి తుందుర్రులో ఆక్వా ఫుడ్‌పార్కు వ్యర్థాలు గొంతేరు డ్రెయిన్‌లో కలుస్తాయన్న భయంతో 2016లో ఆడవాళ్లు రోడ్డెక్కారు. 144 సెక్షన్ పెట్టారు, అరెస్టులు జరిగాయి. వ్యర్థాలను పైపులైనుతో సముద్రానికి పంపిస్తామన్న హామీ వచ్చింది ఆ పోరాటం తర్వాతే.