తడి ఆరితే లెక్క తప్పే గాజుబుడ్డి

మొక్కలు పెంచే అక్వేరియానికి కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టుకున్నవాళ్లు చాలామంది దానికి ఒక పీహెచ్ కంట్రోలర్ కూడా తగిలిస్తారు. నీటి పీహెచ్ అనుకున్న అంకెకు దిగగానే వాల్వు మూసుకుంటుంది, పెరిగితే మళ్లీ తెరుచుకుంటుంది. ఒకసారి అమర్చాక ఇక చూసుకోనక్కర్లేదన్న ధీమా వస్తుంది. ఆ ధీమా అంతా నీళ్లలో వేలాడే ఒక పల్చని గాజుబుడ్డి మీద నిలబడి ఉంది. అది కేవలం 0.3 తప్పు చూపిస్తే ఏమవుతుందో లెక్కవేసి చూద్దాం.

నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో పీహెచ్‌ని బట్టీ, కార్బొనేట్ కాఠిన్యాన్ని బట్టీ అంచనా వేయొచ్చు. ఈ కాఠిన్యాన్నే అక్వేరియం పెంచేవాళ్లు కేహెచ్ అంటారు. కేహెచ్ 4 డిగ్రీలు, పీహెచ్ 6.6 ఉన్న నీటిలో లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. మొక్కలకు అది పుష్కలం, చేపలు మామూలుగా తట్టుకుంటాయి. ఇప్పుడు ఆ గాజుబుడ్డి ఉన్న ప్రోబ్ 0.3 ఎక్కువ చూపిస్తోందనుకోండి. తెర మీద 6.6 కనబడేదాకా వాల్వు గ్యాసు వదులుతూనే ఉంటుంది. ఆ సమయానికి నీటి అసలు పీహెచ్ 6.3కి దిగిపోయి ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ 60 మిల్లీగ్రాములకు చేరి ఉంటుంది. అంటే రెట్టింపు. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. తెర మీద మాత్రం అంతా సవ్యంగా 6.6 ఉంటుంది. ఇంట్లోవాళ్లు జబ్బేమో అని మందు వేస్తారు, ఫిల్టరు కడుగుతారు, మేత మారుస్తారు. మీటరును అనుమానించాలని చివరిదాకా తోచదు.

ఇంత చిన్న తేడాకు ఇంత పెద్ద ఫలితం ఎందుకంటే, పీహెచ్ కొలబద్దలో ఒక్క మెట్టు దిగితే హైడ్రోజన్ అయాన్ల గాఢత పదింతలవుతుంది. 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్ సోరెన్సెన్ ఈ కొలబద్దను అలా రూపొందించాడు. అదే ఏడాది ఫ్రిట్జ్ హేబర్, జిగ్మంట్ క్లెమెన్సీవిచ్ గాజు ఎలక్ట్రోడ్ మీద తమ పరిశోధన ప్రకటించారు. మన ప్రోబ్ చివర ఉన్న గాజుబుడ్డి ఆ వంశానిదే.

ఈ పరికరం పీహెచ్‌ని నేరుగా కొలవదు. ప్రోబ్‌కు సంబంధించిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క సంగతిలోంచే పుడతాయి. అది కొలిచేది మిల్లీవోల్టులను. బుడ్డి లోపల పీహెచ్ మారని ద్రావణం, బయట మన అక్వేరియం నీళ్లు, మధ్యలో ప్రత్యేకమైన పల్చని గాజు. తడిసిన గాజు పైపొర జిగురులాంటి మెత్తని పొరగా మారుతుంది. బయటి నీటి హైడ్రోజన్ అయాన్లు ఆ పొరతో ఇచ్చిపుచ్చుకోవడం వల్ల గాజుకు అటూ ఇటూ విద్యుత్ పొటెన్షియల్‌లో తేడా వస్తుంది. దీన్ని పోల్చి చూడటానికి పక్కనే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ ఉంటుంది. అందులోని పొటాషియం క్లోరైడ్ ఒక సన్నని రంధ్రాల ముక్క గుండా అతి నెమ్మదిగా నీటిలోకి ఊరుతూ విద్యుత్ వలయాన్ని పూర్తి చేస్తుంది. ఆ ముక్కనే జంక్షన్ అంటారు. పీహెచ్ 7 దగ్గర తేడా దాదాపు సున్నా. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ ఒకటి మారితే 59.16 మిల్లీవోల్టులు మారాలి. ఇన్ని మిల్లీవోల్టులకు ఇంత పీహెచ్ అని మీటరుకు మనమే నేర్పాలి. దాన్నే క్యాలిబ్రేషన్ అంటున్నాం.

ఖాళీ తక్కెడ ముల్లు సున్నా మీద నిలిచినంత మాత్రాన కిలో రాయి వేస్తే కిలో చూపిస్తుందన్న హామీ లేదు కదా. అందుకే పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణాలు, అంటే బఫర్లు, రెండు కావాలి. మొదట 6.86 లేదా 7.00 బఫరులో ముంచితే సున్నా ఎటు జరిగిందో తెలుస్తుంది. రెండోదానిలో ముంచితే ఒక్కో మెట్టుకు ఎన్ని మిల్లీవోల్టులు వస్తున్నాయో తెలుస్తుంది. మొక్కల తొట్టెకైతే రెండోది 4.01, పీహెచ్ 8 దాటి ఉండే ఆఫ్రికన్ సిక్లిడ్ల తొట్టెకైతే 9.18. మనం కొలవబోయే విలువ ఆ రెంటి మధ్యన పడాలి. సోమరితనంతో ఒక్క బఫరుతో సరిపెట్టడం కన్నా అసలు క్యాలిబ్రేట్ చేయకపోవడమే నయమనిపిస్తుంది నాకు. కనీసం అంకెను నమ్మకుండా ఉంటాం.

బఫరు పొడి ప్యాకెట్టును డిస్టిల్డ్ వాటర్‌లోనే, దాని మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. సీసాలో ప్రోబ్ ముంచొద్దు. చిన్న గ్లాసులోకి ఒంపుకుని వాడాలి, వాడింది పారబోయాలి. 9.18 బఫరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెల్లగా దిగిపోతుంది కాబట్టి సీసా మూత తెరిచిన తేదీ రాసిపెట్టుకోవాలి. ఒక బఫరులోంచి మరో దానికి వెళ్లేటప్పుడు ప్రోబ్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, టిష్యూతో అద్దాలి. తుడవకూడదు. రుద్దితే గాజు మీద స్థిర విద్యుత్తు చేరి అంకె కుదురుగా నిలవదు.

మన వేసవిలో ఇంకో చిక్కుంది. 9.18 అనే విలువ 25 డిగ్రీల దగ్గరే. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం గది 35 డిగ్రీలుంటే అదే బఫరు అసలు విలువ 9.10. ఉష్ణోగ్రతను అదే సరిచేసుకుంటుందని మీటరు పెట్టె మీద రాసి ఉంటుంది. చవక పెన్ను మీటర్లలో ఆ సవరణ సాధారణంగా మిల్లీవోల్టుల లెక్కకే పరిమితం. బఫరు తానే మారిన సంగతి మీటరుకు తెలియదు. ఆ పట్టిక ప్యాకెట్టు వెనక ఉంటుంది, చూసుకోవాలి.

మీటరు మిల్లీవోల్టులు కూడా చూపిస్తే ప్రోబ్ ఆరోగ్యం మన చేతిలో ఉన్నట్టే. 7.00లో సున్నాకు 30 అటూ ఇటూగా, 7.00కూ 4.01కూ మధ్య 177కి దగ్గరగా రావాలి. ఆ తేడా 150కి పడిపోయిందంటే కడిగి చూడాలి, అప్పటికీ పెరగకపోతే ప్రోబ్ మార్చాలి. మిల్లీవోల్టులు చూపని పెన్నయితే అంకె కుదురుకోవడానికి పట్టే సమయమే గుర్తు. బఫరులో అర నిమిషంలో నిలిచే అంకె మూడు నిమిషాలైనా పాకుతుంటే పైన ఏదో పేరుకుందన్నమాట.

అక్వేరియంలో పేరుకునేవి ముఖ్యంగా రెండు, పాచి, సున్నం. పాచికి కొద్దిగా డిష్‌వాష్ ద్రావణం కలిపిన గోరువెచ్చని నీళ్లు, మెత్తని బ్రష్షు చాలు. హైదరాబాద్ బోరు నీళ్లలాంటి కఠిన జలం వాడేవాళ్లకు తెల్లటి సున్నపు పొర తప్పదు; తెల్ల వెనిగర్‌లో కొన్ని నిమిషాలు ఉంచితే కరుగుతుంది. ఏది చేసినా తర్వాత కనీసం గంటసేపు పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో నానబెట్టి, మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి. వెలుతురు తక్కువగా, నీళ్లు కదులుతూ ఉండే మూలలో ప్రోబ్ పెడితే పాచి బెడద సగం తగ్గుతుంది.

నిల్వ దగ్గర జరిగే పొరపాటే ఎక్కువ ప్రోబ్‌ల ప్రాణం తీస్తుంది. శుభ్రమైన నీళ్లు మంచివే కదా అని డిస్టిల్డ్ వాటర్‌లోనో, ఆర్‌ఓ నీళ్లలోనో ముంచి ఉంచుతారు. అయాన్లు లేని నీళ్లు జంక్షన్ గుండా పొటాషియం క్లోరైడ్‌ను బయటికి లాగేస్తాయి, రిఫరెన్స్ పలచబడిపోతుంది. సుమారు 224 గ్రాముల పొటాషియం క్లోరైడ్‌ను నీటిలో కరిగించి, మొత్తం ద్రావణం లీటరు అయ్యేలా నింపితే వచ్చే 3 మోలార్ ద్రావణమే ప్రోబ్‌కు సరైన చోటు. అది దొరికేదాకా 4.01 బఫరులో ఉంచవచ్చు. మూత చుట్టూ తెల్లటి పలుకులు కడితే కంగారు వద్దు, ఆ ఉప్పే ఆరి పేరుకుంది, కడిగేస్తే పోతుంది. పొరపాటున ఎండిపోయిన ప్రోబ్‌ను ఈ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోనే ఒక రాత్రి నానబెడితే చాలాసార్లు కోలుకుంటుంది.

ఇక కరెంటు సంగతి. గాజు నిరోధం మెగాఓమ్‌లలో ఉంటుంది కాబట్టి అందులోంచి వచ్చే సంకేతం అతి బలహీనం. 1934లో కాలిఫోర్నియాలో నిమ్మరసం పులుపు కొలవడానికి ఆర్నాల్డ్ బెక్‌మన్ తన మీటరులో వాక్యూమ్ ట్యూబ్ యాంప్లిఫయర్ పెట్టింది ఈ ఇబ్బంది దాటడానికే. నేటి ప్రోబ్ కనెక్టరులో ఒక్క నీటి చుక్క చేరినా సంకేతం పక్కదారి పడుతుంది. పంపు, హీటరు వేసినప్పుడల్లా అంకె ఎగిరితే తొట్టెలోకి కరెంటు లీకవుతోందేమో అనుమానించాలి. ముందు ప్లగ్గులన్నీ తీసేసి, ఆ తర్వాతే నీళ్లలో చెయ్యి పెట్టాలి. గ్లాసులో కాసిని నీళ్లు తీసుకుని వెంటనే కొలిచి పోల్చండి. ఆలస్యం చేస్తే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ దానంతటదే పెరుగుతుంది.

భీమవరం వైపు రొయ్యల రైతులు తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పీహెచ్ చూస్తారు. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్ తినేసి పీహెచ్‌ను పెంచుతుంది, రాత్రి అది దిగుతుంది. ఇంటి తొట్టెలోనూ అంతే. నిన్నటి అంకెతో నేటిది పోల్చాలంటే రోజూ ఒకే వేళకు చూడాలి.

ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ఎప్పుడూ నీళ్లలోనే ఉండే ప్రోబ్ సాధారణంగా ఏడాది, రెండేళ్లకు మించి రాదు. దుకాణం అరలో ఊరికే ఉన్నా దాని వయసు పెరుగుతూనే ఉంటుంది. అందుకని కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, మూత తీసి లోపల తడి ఉందో లేదో చూడండి. ఎండిపోయి ఉంటే మరొకటి అడగండి.