మినీమ్యాప్ ఆపేసి, గుర్రం ఎత్తు నుంచి యుద్ధం: మెడీవల్ 2లో జనరల్ కెమెరాతో నా తిప్పలు

కాన్ కోట బయట యుద్ధం. నాది ఇంగ్లండ్, ఎదురుగా ఫ్రాన్స్. సైన్యం నాదే ఎక్కువ. నాలుగు లాంగ్‌బో దళాలు, వాటి ముందు నేలలో పాతిన కొయ్య మేకులు, అందరికీ వెనకాల సేనాధిపతిగా యువరాజు రూఫస్. మామూలుగా అయితే ఇలాంటి యుద్ధాన్ని టీ తాగుతూ గెలిచేస్తాను. ఆ రోజు పది నిమిషాల్లో ఓడిపోయాను. రూఫస్ చచ్చిపోయాడు. ఎలా చచ్చాడో కూడా నాకు సరిగ్గా కనబడలేదు.

అంతకుముందు నేను చేసిన పని ఒక్కటే. సెట్టింగ్స్‌లోకి వెళ్లి కెమెరా మార్చాను.

టోటల్ వార్ సిరీస్ ఆడినవాళ్లకి దాని కెమెరా ఎంత అలవాటైపోయి ఉంటుందో తెలుసు. గద్దలాగా మైదానం మీద తిరుగుతాం. శత్రువు ఎడమ చివర ఎన్ని గుర్రాలున్నాయో లెక్కపెట్టి, కుడి చివరకి ఎగిరి, మధ్యలో పాజ్ కొట్టి ఆర్డర్లు ఇస్తాం. నిజానికి ఇది చాలా పెద్ద చీట్ కోడ్. అందరికీ డిఫాల్ట్‌గా ఇచ్చేశారు కాబట్టి ఎవరూ చీట్ అనుకోరు, అంతే. 2004లో వచ్చిన రోమ్, 2006లో వచ్చిన మెడీవల్ 2 గేముల్లో మాత్రం కెమెరా రకాల్లో జనరల్ కెమెరా అని ఒకటి ఉంది. అది పెడితే కెమెరా మీ సేనాధిపతిని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆయన ఎక్కడుంటే మీరక్కడ. చుట్టూ తిరిగి చూడొచ్చు గానీ, ఎగిరిపోవడం కుదరదు.

నేను దానికి ఇంకొన్ని సొంత రూల్స్ కలిపాను. మినీమ్యాప్ ఆఫ్. పాజ్ లేదు. ఓడిపోతే సేవ్ లోడ్ చేయకూడదు. సేనాధిపతి చనిపోతే కీబోర్డ్ మీద నుంచి చేతులు తీసేయాలి, మిగిలిన సైన్యం ఏం చేస్తే అదే. ఈ చివరి రూల్ పెట్టినందుకు మొదటి యుద్ధంలోనే ఏడవాల్సి వచ్చింది.

మెడీవల్ 2లో ఒక సంగతి గమనించాలి. ఇందులో అడవిలో దాక్కున్న దళాలు కనబడవు గానీ, కొండ అవతల ఉన్న సైన్యాన్ని మాత్రం కెమెరా ఎగరేసి చూసేయొచ్చు. మన సైనికుల కంటికి కనబడేదే మనకీ కనబడాలనే పద్ధతి సిరీస్‌లో 2013 నాటి రోమ్ 2తో వచ్చింది. అంటే మెడీవల్ 2లో జనరల్ కెమెరా పెట్టిన క్షణం నుంచి ప్రతి గట్టూ, ప్రతి చెట్ల గుంపూ, ఆఖరికి మీ సొంత సైనికుల వీపులు కూడా మీకు అడ్డమే. గేమ్ కోడ్‌లో ఒక్క లైను మారలేదు. కానీ ఆట వేరే ఆట అయిపోయింది.

కాన్ దగ్గర జరిగింది ఇదీ. రూఫస్‌ని విలుకాళ్ల వెనకాల, పల్లంలో నిలబెట్టాను. పై నుంచి చూసే అలవాటులో ఎత్తుపల్లాలు పట్టించుకోలేదు. యుద్ధం మొదలైంది. నాకు కనబడేది నా విలుకాళ్ల వరస, వాళ్ల తలల మీదుగా ఎగురుతున్న బాణాలు, దూరంగా కొన్ని జెండాల కొనలు. బాణాలు ఎవరికి తగులుతున్నాయో తెలీదు. బాగానే జరుగుతోంది అనుకున్నాను. ఇంతలో కింద యూనిట్ కార్డుల్లో ఎడమవైపు ఈటెల దళం కార్డు మెరవడం మొదలైంది. కెమెరా అటు తిప్పితే దుమ్ము, మనుషుల వీపులు. పారిపోతున్నారో, పోరాడుతున్నారో అర్థం కాలేదు. 'వీళ్లు పారిపోతున్నారు' అని నిర్ణయించేసుకుని, ఆపడానికి రూఫస్‌ని అంగరక్షకులతో సహా అటు దూకించాను. అక్కడ ఫ్రెంచ్ నైట్లు చెట్ల పక్క నుంచి చుట్టి వచ్చి ఉన్నారు. సరిగ్గా వాళ్ల మధ్యలోకి పోయాడు.

యుద్ధం అయ్యాక వచ్చే ఫలితాల స్క్రీన్‌లో ఒక్కో దళం ఎంతమందిని చంపిందో, ఎంతమంది మిగిలారో ఉంటుంది కదా. అది చూసి నోట మాట రాలేదు. నేను తిట్టుకున్న ఆ ఈటెల దళం పారిపోలేదు. నా సైన్యంలో అందరికంటే ఎక్కువ మందిని చంపింది వాళ్లే. వాళ్లు నిలబడ్డారు. కంగారుపడింది నేను.

వెనకాల నిలబడి చూస్తున్న మా తమ్ముడు ఒకటే అన్నాడు: "అన్నా, సగం యుద్ధం కనబడట్లేదు. దీనికి అంత గ్రాఫిక్స్ కార్డ్ ఎందుకు కొన్నావ్?"

వాడికి అప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. కానీ ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది వాటర్లూ. 1815 జూన్ 18, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతం. ఫ్రెంచ్ మార్షల్ నే ఎదురుగా ఉన్న గట్టు మీద వెల్లింగ్టన్ సైన్యంలో కదలిక చూశాడు. కొందరు వెనక్కి పోతున్నారు. శత్రువు వెనుదిరిగాడు అనుకుని వేల గుర్రాలని గట్టు మీదికి తోలాడు. గట్టు అవతల బ్రిటిష్ కాల్బలం చతురస్రాలు కట్టి, తుపాకులకి బాయ్‌నెట్లు బిగించి ఎదురుచూస్తోంది. గుర్రాలు ఆ చతురస్రాల చుట్టూ తిరిగాయి గానీ పగలగొట్టలేకపోయాయి. వెల్లింగ్టన్ తన సైన్యంలో చాలా భాగాన్ని గట్టు వెనక వాలులో దాచింది ఇందుకే. పుస్తకంలో పై నుంచి గీసిన మ్యాప్ చూస్తూ చదివినప్పుడు 'నే ఇంత తెలివితక్కువ పని ఎలా చేశాడు' అనుకున్నాను. కాన్ తర్వాత అలా అనుకోవడం మానేశాను. ఆయన దగ్గరున్నదీ జనరల్ కెమెరానే కదా.

కనబడకపోవడాన్నే ఆటగా మార్చడం కొత్త ఆలోచనేమీ కాదు. 1824లో ప్రష్యా సైన్యం చేతికి వచ్చిన రైస్విట్జ్ క్రీగ్‌స్పీల్‌లో మధ్యలో ఒక అంపైర్ ఉండేవాడు. ఒక్కో ఆటగాడికి అతని దళాలు చూడగలిగినంత వరకే చూపించేవాడు. కంప్యూటర్‌లో దీన్ని అందరికంటే సీరియస్‌గా తీసుకున్నది నా లెక్కలో 2010 నాటి స్కర్జ్ ఆఫ్ వార్: గెటిస్‌బర్గ్. అందులో కెమెరాని మీ కమాండర్ గుర్రానికి కట్టేసుకుని, కింది అధికారులకి ఆర్డర్లు గుర్రం మీద పోయే కొరియర్ల చేత పంపేలా ఆడొచ్చు. మీరు ఇప్పుడు రాసిన ఆర్డర్ అక్కడికి చేరేసరికి అక్కడి పరిస్థితే మారిపోయి ఉంటుంది. గ్రాఫిక్స్ గురించి మాత్రం అడక్కండి. ఇంకా ముందుకెళ్తే 2019 నాటి రేడియో కమాండర్: వియత్నాం యుద్ధం, మీ ముందు ఒక మ్యాప్, ఒక రేడియో, అంతే. మ్యాప్ మీద గుర్తులు కూడా రేడియోలో విని మీరే జరుపుకోవాలి.

టోటల్ వార్ కొత్త గేముల్లో ఉన్నది దీనికి కొంచెం మెత్తటి రూపం. బ్యాటిల్ రియలిజం మోడ్ పెడితే కెమెరా మీ సైన్యం చుట్టుపక్కలే తిరుగుతుంది, మినీమ్యాప్ ఉండదు, పాజ్‌లో ఆర్డర్లు ఇవ్వలేరు. లెజెండరీ డిఫికల్టీలో ఈ తరహా ఆంక్షలు తప్పనిసరి. కానీ మీ దళాలన్నిటి పైన ఎగరొచ్చు కాబట్టి నాకది జనరల్ చూపు అనిపించలేదు. కాస్త పొట్టి గద్ద, అంతే.

మళ్లీ మెడీవల్ 2కి వస్తే, కాన్ తర్వాత నేను ఆడే తీరు మొత్తం మారింది. ముందుగా డిప్లాయ్‌మెంట్. ఇదివరకు అర నిమిషంలో ముగించేవాణ్ణి, ఇప్పుడు సగం యుద్ధం అక్కడే. సేనాధిపతికి ముందు ఒక గట్టు వెతుకుతాను, ఆ తర్వాతే మిగతావాళ్ల స్థానాలు. ఎడమ, కుడి వైపులని వేరువేరు గ్రూపులుగా కట్టి, నాకు బొత్తిగా కనబడని వైపు గ్రూపుని ఏఐకి అప్పజెప్పేస్తాను. కింది అధికారిని నమ్మినట్టు. ఏఐ గొప్ప తెలివైనదేం కాదు, చాలాసార్లు తిక్క పనులు చేస్తుంది. అయినా కనబడని చోట నేను కంగారులో ఇచ్చే ఆర్డర్ కంటే నయమే. ఇక రిజర్వ్. పై నుంచి చూసేటప్పుడు రిజర్వ్ అంటే ఖాళీగా కూర్చున్న జీతగాళ్లు. కింద నుంచి చూసేటప్పుడు మాత్రం, నా అంచనా తప్పైతే దిద్దుకోవడానికి ఉన్న ఒకే ఒక్క అవకాశం వాళ్లు.

హార్డ్‌వేర్ సంగతి కూడా చెప్పాలి కదా. 2006 గేమ్ కాబట్టి ఇప్పటి మామూలు గేమింగ్ ల్యాప్‌టాప్‌కి బరువేం కాదు. కెమెరా ఎప్పుడూ నేల దగ్గరే ఉంటుంది కాబట్టి యూనిట్ డీటెయిల్, టెక్స్చర్లు హైలో పెట్టండి. మామూలుగా ఆడేటప్పుడు కనబడని కవచాల గీతలు ఇక్కడ కనబడతాయి (తమ్ముడికి దొరికిన సమాధానం ఇదే). కానీ నిజంగా ఖర్చు పెట్టాల్సింది హెడ్‌ఫోన్స్ మీద. నాలుగో యుద్ధం నుంచి కళ్ల కంటే చెవుల మీదే ఎక్కువ ఆధారపడ్డాను. కుడి చెవిలో గుర్రాల డెక్కల చప్పుడు పెరిగితే అటు తిరగాలి. స్పీకర్లలో ఇది దాదాపు అసాధ్యం. మెడీవల్ 2 2022 నుంచి ఫోన్లలోనూ ఉంది. కానీ ఆ చిన్న స్క్రీన్ మీద గుర్రం ఎత్తు నుంచి చూస్తే ముందున్న సైనికుడి తలకాయ తప్ప ఇంకేమీ కనబడదేమో అనిపించి, ఆ సాహసం చేయలేదు.

అందరికీ నచ్చుతుందా అంటే, నచ్చదు. కోట ముట్టడిలో ఇది నరకం: గోడ ఇవతల సేనాధిపతి, గోడ అవతల యుద్ధం, మీకు కనబడేది రాళ్లు. ముట్టడులకి నేను మామూలు కెమెరానే వాడుతున్నాను, సిగ్గుపడట్లేదు. ఆన్‌లైన్‌లో అవతలివాడు గద్దలా తిరుగుతుంటే మీరొక్కరే ఇలా ఆడటం ఆత్మహత్యే. ఎప్పుడైనా రెండు గంటలు సరదాగా ఆడి పడుకుందాం అనుకునే రోజున కూడా వద్దు.

మొన్న పన్నెండో యుద్ధం, రెన్స్ దగ్గర. ఈసారి ఎడమవైపు కార్డు మళ్లీ మెరిసింది. అటు తిప్పితే మళ్లీ దుమ్ము, మళ్లీ వీపులు. వేలు మౌస్ మీదే ఉంది. రాజుగారిని కదపలేదు. రిజర్వ్‌లోని ఒక దళాన్ని మాత్రం పంపి ఆగాను. తమ్ముడు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "ఏమవుతోంది అక్కడ?" అన్నాడు. "తెలీదు రా" అన్నాను. ఇద్దరం ఆ దుమ్ము వైపే చూస్తూ కూర్చున్నాం.