చక్కెర పేర్లు

2016వ సంవత్సరమున ఏర్పడిన వికారాబాదు జిల్లాలో తూర్పున అనంతగిరి కొండలును, పడమట కర్ణాటక సరిహద్దు చెంత నాపరాళ్లకును కందులకును పేరొందిన తాండూరును ఉన్నవి. ఫాల్గుణ మాసమున మోదుగులు ఎఱ్ఱగా పూచినంతనే, తెలంగాణలోని తక్కిన పల్లెలయందువలెనే ఈ సీమయందును పిల్లలు హోలీ పండుగకై ఎదురుచూతురు.

పండుగకు ముందటి వెన్నెల రాత్రులలో పిల్లలు గుంపుగూడి, కోలలు చేతబట్టి, జాజిరి పాటలు పాడుచు ఇంటింటికి పోవుట పూర్వాచారము. గృహస్థులు వారి ఆటపాటలకు సంతసించి ధాన్యమో, పైకమో ఇత్తురు. ఇది యాచన కాదు. ఊరి పిల్లలు తమ ఊరి వాకిళ్లలో ఆడి పాడి పొందెడు కానుక. పిదప కామదహనమును, మఱునాడు రంగుల వేడుకయు జరుగును.

హోలీనాడు పిల్లల మెడలలో చక్కెర పేర్లు వేయుదురు. ఇచట పేరు అనగా నామము కాదు, దండ అని అర్థము. తెల్లని చక్కెర బిళ్లలు దారమున వరుసగా అమరియుండును. ఎండుకొబ్బరి కుడుకలను గుచ్చిన పేర్లు కూడ వేయుట కలదు. ఆడుకొనునంతసేపు అది ఆభరణము. ఆకలియైనప్పుడు అదియే ఆహారము.

ఈ పేర్లు చేయుటకు నేర్పు కావలెను. చక్కెరలో నీరు పోసి కాచుదురు. నీరు ఆవిరియైన కొలది పాకము చిక్కనగును, దాని వేడిమియు హెచ్చును. గుంటలు చెక్కిన కొయ్య అచ్చులలో దారము పఱచి, పలకలను జతగా బిగించి, వేడి పాకమును పోయుదురు. వేడి నీటిలో చక్కెర అధికముగా కరగును. చల్లారిన నీరు అంత చక్కెరను తనలో నిలుపుకొనజాలదు. అందుచే చక్కెర సన్నని పలుకులై గడ్డకట్టి దారమును పట్టుకొనును. పాకము లేతదైనచో బిళ్ల జిగటగా మిగులును.

పొరుగు సీమలందును ఇట్టి ఆచారములు కలవు. మహారాష్ట్రులు ఉగాదినాడు తమ ఇంటిముందు నిలుపు గుడికి చక్కెర దండను కట్టుదురు. కన్నడిగులు సంక్రాంతికి నువ్వులు, బెల్లముతోపాటు అచ్చులలో పోసిన చక్కెర బొమ్మలను ఇరుగుపొరుగులకు పంచుదురు.

సముద్రముల కావల అమెరికాలో అక్టోబరు 31వ తేదీన హాలోవీన్ అను వేడుక జరుగును. నాటి సాయంకాలము పిల్లలు వింత వేషములు ధరించి ఇంటింటికి పోయి, తీపి పెట్టెదరా, అల్లరి చేయుదుమా అని అడుగుదురు. అచట స్థిరపడిన తెలుగువారి పిల్లలును ఈ వేడుకలో పాల్గొందురు. రెండవ ప్రపంచ యుద్ధమువలన అచట 1942 మొదలు 1947 వరకు చక్కెరను కొలతప్రకారము ఇచ్చుటచే ఈ తీపి పంపకము మందగించెను. కఱవు తీరిన పిదప అది మఱింత వ్యాపించెను.

ఆ పిల్లలు తమ మిఠాయిని క్యాండీ అందురు. ఆ మాటకు మూలము సంస్కృతములోని ఖండ శబ్దము. చెఱకు రసమును పలుకులుగా గడ్డకట్టించు విద్య ప్రాచీన భారతమున వర్ధిల్లినది. ఆ విద్యతో కూడ ఖండ శబ్దము పారసీక, అరబ్బు దేశములకు పోయి, అచటినుండి ఐరోపా చేరినది. మన కలకండలో వినవచ్చు శబ్దమే వారి క్యాండీలోను దాగియున్నది.

నేడు చాక్లెట్లు ప్రతి వీధి అంగడిలోను దొరకుచున్నవి. తీపికై పండుగవరకు వేచియుండ నక్కఱలేదు. జాజిరి ఆటయు మునుపటివలె లేదు. తీపి కొఱవడుట అందలి లోటు కాదు. వెనుక జాజిరి ఆడిన పిల్లవానికి ఊరిలోని ప్రతి వాకిలియు తెలిసియుండెను. ప్రతి ఇంటిలోని పెద్దలును వానిని ఎఱిగియుండిరి. అంగడిలో మిఠాయి కొనవచ్చును గాని, పొరుగింటి తలుపు తట్టు చనువును కొనజాలము. ఏటేట కొన్ని వాకిళ్లలోనైన పిల్లల కోలల సవ్వడి వినవచ్చుచున్నంతకాలము ఆ చనువు నిలిచియుండును.