చిడతలు పట్టిన సువార్త

కథ రాస్తే సరిపోదు, చదివేవాళ్లూ ఉండాలి. వందేళ్ల కిందట డోర్నకల్ చుట్టుపక్కల మాల, మాదిగ వాడల్లో పలక పట్టిన చెయ్యే అరుదు. మరి బైబిలు కథలు అక్కడిదాకా ఎలా వెళ్లాయి? అచ్చంగా మన హరికథ దారిలోనే!

కలకత్తాలో అయితే పుస్తకం వెళ్లింది. ఆడపిల్లలకు చదువు చెప్పే హన్నా కేథరిన్ మల్లెన్స్, 1852లోనే ఫుల్మణి, కరుణ అనే ఇద్దరు క్రైస్తవ ఇల్లాళ్ల కథను బెంగాలీలో రాశారు. అంతెందుకు, మన కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము'కు ప్రేరణ కూడా గోల్డ్‌స్మిత్ రాసిన ఓ చర్చి గురువుగారి సంసార కథే. కానీ ఇవన్నీ అక్షరం వచ్చినవారి ముచ్చట్లు.

డోర్నకల్ కథ వేరు. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో ఇక్కడికి వచ్చారు. అప్పటికి వయసు ముప్ఫై అయిదు. ఆ వయసులో తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో తిరిగారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవికెక్కిన తొలి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మహాసభలో మిషనరీల ముఖం మీదే చెప్పారు... మీ త్యాగాలు, దానాలు సరే, మాకు స్నేహితులు కూడా కావాలని!

పరాయి పాట, పరాయి బాణీ పల్లె గుండెకు ఎక్కవని ఆయనకు తెలుసు. అందుకే తెలుగు కీర్తనలను, కాలక్షేపాన్ని, కోలాటాన్ని ప్రోత్సహించారు. కాలక్షేపమంటే తెలుగువాళ్లకు చెప్పాలా? చేతిలో చిడతలు, పక్కన మద్దెల. కాసేపు వచనం, కాసేపు పాట, మధ్యలో ఓ పిట్టకథ. నిద్రకు తూగుతున్నవాణ్ని నవ్వించి లేపడం కథకుడి నేర్పు. తప్పిపోయిన కుమారుడి ఉపమానం ఈ మూసలో ఎంత బాగా ఒదుగుతుందో చూడండి. ఆస్తి పంచమని తండ్రితో పేచీ, ఊరు విడిచి జల్సాలు, చివరికి పందుల పొట్టుకు ఆశపడే ఆకలి... కూలికి వలసపోయిన కొడుకు కోసం ఎదురుచూసే ఇంటికి ఇది వేరే దేశపు కథలా వినిపిస్తుందా?

కథ చెప్పి వెళ్లిపోతే మర్నాడు మర్చిపోతారు. అందుకే ఊరికో బడిపంతులు. డోర్నకల్‌లో భర్తలతో పాటు భార్యలకూ తర్ఫీదు ఉండేది. 1935 నాటికి ఈ డయోసిస్‌లో 250 మంది భారతీయ గురువులు, 2 వేలకు పైగా పల్లె ఉపాధ్యాయులు. వైద్యశాలలు, సహకార సంఘాలు, అచ్చు యంత్రాలు సరేసరి. 1912లో సుమారు 56 వేలున్న క్రైస్తవుల సంఖ్య 1941కి 2 లక్షల 25 వేలు దాటింది.

అంతా సాఫీగా ఏమీ సాగలేదు. మాల, మాదిగల మధ్య అంతరాలు చర్చిలోకీ వచ్చాయి. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి బిషప్ పెనుగులాడాల్సి వచ్చింది. మతమార్పిడుల విషయంలో 1930ల్లో గాంధీజీతోనూ పడలేదు. ఆ వాదన ఈనాటికీ తెగలేదు, ఇక్కడా తెగదు.

ఆయన పుస్తకాలూ రాశారు. బిషప్ వైట్‌హెడ్‌తో కలిసి భారతీయ పల్లెల్లో క్రీస్తు గురించి రాసిన ఇంగ్లీషు పుస్తకం 1930లో వచ్చింది. దాని మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. వాడవాడలా గొంతు అరగదీసుకున్న కథకుల్లో ఎంతమంది పేర్లు మనకు తెలుసు?

డోర్నకల్ రైల్వే జంక్షన్‌లో దిగితే చర్చి చూసి రండి. 2016లో జిల్లాల విభజనకు ముందు ఇది వరంగల్ జిల్లా ఊరే, ఇప్పుడు మహబూబాబాద్‌లో ఉంది. 1939లో ప్రతిష్ఠించిన ఆ కెథడ్రల్ గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడిని గుర్తుచేస్తాయి. అజరయ్య ఆ తర్వాత ఆరేళ్లే ఉన్నారు, 1945 జనవరి 1న కన్నుమూశారు.