జనరంజక కథల ద్వారా విజ్ఞానబోధ: కాలయానం ఒక ఉదాహరణ

విజ్ఞానశాస్త్రం సామాన్యులకు అందకపోవడానికి విషయ కాఠిన్యం ఒక్కటే కారణం కాదు. దాన్ని చెప్పే భాషకూ, వినేవారి అనుభవానికీ మధ్య ఉన్న దూరం కూడా కారణమే. ఇతర రాష్ట్రాల్లో పెరిగిన తెలుగు విద్యార్థులకు ఈ దూరం మరీ ఎక్కువ. వారు భౌతికశాస్త్రాన్ని ఇంగ్లీషులోనో, ప్రాంతీయ భాషలోనో చదువుతారు. తెలుగు మాత్రం ఇంటి భాషగా, సినిమా భాషగా, అమ్మమ్మ చెప్పే కథల భాషగా నిలుస్తుంది. ఆ సినిమా నుంచీ, ఆ కథ నుంచీ విజ్ఞానానికి దారి వేయవచ్చునా అన్నది ఇక్కడి ప్రశ్న.

‘సాపేక్షత’ అనే మాటను తీసుకుందాం. వ్యవహారంలో అపేక్ష అంటే కోరిక. కనుక ఈ మాట వినగానే అర్థం స్ఫురించదు. సంస్కృతంలో ‘మరొకదానిపై ఆధారపడటం’ అనే అర్థం కూడా ఉంది. పరిభాష గ్రహించినది దానినే. కన్నడ, మరాఠీలలోనూ ఇదే మాట వాడతారు. తమిళంలో ‘సార్బియల్’ అంటారు. ‘సార్బు’ అంటే ఒకదాన్ని ఆనుకొని ఉండటం. అయితే మాట తెలిసినంత మాత్రాన భావం తెలియదు. అక్కడ కథ తోడ్పడుతుంది.

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’లో నాయకుడు యంత్రమెక్కి 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల విజయనగరానికి వెళతాడు, అక్కణ్ణుంచి 2504కు వెళతాడు. ఈ రెండింటిలో ఏది సాధ్యమని అడిగితే చాలామంది రెండూ కల్పనే అంటారు. కాని శాస్త్రదృష్టిలో వాటి మధ్య పెద్ద తేడా ఉంది.

వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ 1905లో చెప్పాడు. గురుత్వాకర్షణ తక్కువైన చోట గడియారం త్వరగా నడుస్తుందని ఆయన సిద్ధాంతమే తరువాత తేల్చింది. 1971లో హాఫెలె, కీటింగ్ అనే శాస్త్రజ్ఞులు 4 పరమాణు గడియారాలను విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. భూమిపై ఉంచిన గడియారాలతో పోల్చినప్పుడు, తూర్పుదిశగా వెళ్ళినవి సగటున 59 నానోసెకన్లు వెనకబడ్డాయి. పడమటి దిశగా వెళ్ళినవి 273 నానోసెకన్లు ముందున్నాయి. ఒక నానోసెకను అంటే సెకనులో వందకోట్లవ వంతు. ఇప్పుడు మన ఫోనుకు దారి చూపే ఉపగ్రహాల్లోని గడియారాలకు రోజుకు సుమారు 38 మైక్రోసెకన్ల తేడా వస్తుంది. ఆ వ్యవధిలో కాంతి 11 కిలోమీటర్లు దాటిపోతుంది. అందుకే ఆ తేడాను ముందుగానే సరిదిద్దుతారు.

అంటే మహావేగంతో వెళ్ళి తిరిగివచ్చినవాడు ఇతరులకన్నా తక్కువ వయసుతో భవిష్యత్తులో అడుగుపెట్టగలడు. గతానికి వెళ్ళవచ్చునని మాత్రం ఏ ప్రయోగమూ చూపలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ‘మాయాబజార్’ చూసినవారికి బలరాముని భార్య రేవతి తెలుసు. ఆమె తండ్రి కకుద్మి కూతురితో బ్రహ్మలోకానికి వెళ్ళి కాసేపు వేచి ఉండగా భూమిపై 27 మహాయుగాలు గడిచాయని భాగవత కథ. కాలం అందరికీ ఒకేలా నడవదన్న ఊహను పరిచయం చేయడానికి ఇది చక్కని కథ. కాని దీన్నిబట్టి మన పూర్వులకు సాపేక్షతా సిద్ధాంతం తెలుసనడం పొరపాటు. కథలో కొలత లేదు, పరీక్ష లేదు, తప్పని తేలే అవకాశమూ లేదు. విజ్ఞానానికి ఈ మూడూ ప్రాణం.

కథతో ప్రశ్న పుట్టించాలి, ప్రయోగంతో జవాబు చెప్పాలి, కథకూ శాస్త్రానికీ పొంతన ఎక్కడ తెగుతుందో దాచకుండా చూపాలి. విద్యార్థులు తమకు తెలిసిన ఏ సినిమాతోనైనా ఈ పని చేయవచ్చు. ఆ విధంగా ఇంటి తెలుగే శాస్త్రం చెప్పుకొనే తెలుగు కూడా అవుతుంది.