పాత వీధిలో క్రొత్త యిల్లు

వరుసగా నిలిచిన యిండ్లలో నొకటి కూలినచో మిగిలిన స్థలము యజమానిదే. కాని దాని కిరువైపుల నున్న గోడలలో పొరుగువారికి పాలున్నది, ముందున్న వీధి యందరిది. ఆ స్థలమున నెట్టి యిల్లు లేవవలెనను ప్రశ్నకు అహమదాబాదు పాతనగరము నేడు సమాధానము వెదకుకొనవలసియున్నది.

1411లో అహమ్మద్ షా స్థాపించిన యీ నగరమును 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరముగా గుర్తించినది. భారతదేశమున నీ గౌరవము నందిన తొలి నగర మిదియే. ఇచ్చటి ‘పోల్’ అను పేటలలో గృహములు గోడకు గోడ యానించి కట్టబడినవి. ముందు అరుగు, నడుమ మన మండువాను బోలిన ‘చౌక్’, పెక్కిండ్లలో దాని క్రింద వాననీటిని నిలువచేయు ‘టాంకా’. ప్రక్కగోడలు ఉమ్మడివగుటచే వానిలో కిటికీలకు తావులేదు. వెలుతురైనను గాలియైనను వీధినుండియో చౌకునుండియో రావలసినదే. గోడలలో కలప నిమిడ్చి కట్టుట వట్టి యలంకారము గాదు. భూమి కదలినపుడు కట్టడమును పట్టియుంచు నుపాయము. 2001 జనవరి 26వ తేదీ భూకంపమున ఆ నగరమందే పలు నవీన భవనములు నేలగూలినవి.

కావున క్రొత్తగా కట్టువాడు పాత చెక్కడములకు నకళ్లు తీయనక్కరలేదు. సిమెంటునకు కొయ్యరంగు పూయుట పూర్వులయెడ భక్తి యనిపించుకొనదు. వీధివరుస తప్పకుండుట, ప్రక్కయిండ్ల యెత్తు మించకుండుట, చౌకును మూయకుండుట, అరుగును నిలుపుట, పునాది త్రవ్వునపుడు ఉమ్మడిగోడకు ఊతమిచ్చుట: ఈ యైదును పాటించిన చాలును. లోపల వంటగది, స్నానపుగది, విద్యుద్దీపములు నేటి యవసరము ననుసరించి యుండవచ్చును.

‘నా స్థలమున నాలుగంతస్తులు లేపి యద్దెలు గొనవలదా?’ యని యజమాని యడుగును. ఈ మొర న్యాయమైనదే. వీధి యందము నందరు ననుభవించుచు దాని వెల నొక్కని నెత్తిన మోపుట ధర్మము గాదు. వారసత్వ గృహములుగా గుర్తింపబడిన వాని యజమానులు, తాము వాడుకొనని నిర్మాణహక్కును నగరమున వేరొకచోట కట్టువారికి విక్రయించుకొను ఏర్పాటు అహమదాబాదున గలదు. పాత యింటిని కాపాడువానికి దక్కు నీ ప్రతిఫలము, ఖాళీస్థలమున మర్యాద నెరిగి కట్టువానికి సయితము దక్కవలెను. లేనిచో చట్టము మాట యొకటి, యజమాని లాభ మొకటి యగును. రాత్రికి రాత్రి గిడ్డంగులు లేచును, కాపురములు తరలిపోవును.

మన పట్టణములలోను మండువా యిండ్లు ఒక్కొక్కటిగా నేలమట్టమగుచున్నవి. పడగొట్టుటకు ముందే, వాని స్థానమున లేచు నిండ్లకు నియమములను, ఆ నియమములను పాటించువారికి ప్రతిఫలమును పురపాలక సంఘములు నిర్ణయించుట మేలు. గోడ కూలిన పిమ్మట చేయు తీర్మానము గోడను నిలుపజాలదు.